మలవని కొస

ఆ రోజు తనను పట్టింది కాటమయ్య దేవుడా, రాజయ్య నేర్పిన ముడా? ముప్పై ఏళ్లుగా రాజమల్లుకు తెగని అనుమానం ఇది. పంతొమ్మిదేళ్ల వయసులో తాటిచెట్టు నడుమ కాలు జారితే, నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు ఆపింది. దాని కొసను మలిచి ముడిలో మళ్లీ దూర్చాలని, మరిచినప్పుడల్లా వేళ్ల మీద కొట్టి నేర్పినవాడు రాజయ్య. రాజమల్లు దేవుడికి మేకను కోశాడు. నేర్పినవాడికి గురుదక్షిణగా ఇవ్వాల్సిన తొలి లొట్టి కల్లు మాత్రం ఇవ్వలేదు. కాపాడింది దేవుడైతే మనిషికెందుకు అనుకున్నాడు.

ఈ ఎండాకాలం సిరిసిల్లలో మగ్గం బందై మేనల్లుడు నరేందర్ చందుర్తికి తిరిగొచ్చాడు. చెట్లెక్కుతానన్నాడు. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది: తాళ్లతో గుట్టలెక్కడం నేర్పే మాస్టరు దగ్గర ఆరు రోజుల శిక్షణకో, జగిత్యాల దుకాణంలో చెట్టెక్కే కొత్త బెల్టుకో.

"మోకు నాది తీస్కపో అల్లుడా. పైసలు పెట్టి పని నేర్చుకో," అన్నాడు రాజమల్లు.

"నేర్చుకునుడు ఫోన్ల జూస్త మామా. ఫోన్లకెల్లి బెల్టు రాదు గద! నీ మోకు మీద అత్తను చీరలారేసుకోమను."

కల్లు మండువలో అందరూ పగలబడి నవ్వారు.

ఆదివారం పొద్దున నరేందర్ కాటమయ్యకు కొబ్బరికాయ కొట్టి, ఎర్ర బెల్టు బిగించాడు. బకిల్లోంచి వచ్చిన కొస వెనక్కి మలవకుండా వేలాడుతోంది. రాజమల్లు చూశాడు. ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది.

"ఏంది మామా గట్ల జూస్తున్నవ్? దిష్టి వెట్టకు!"

మళ్లీ నవ్వులు. రాజమల్లు నోరు మూసుకున్నాడు. దేవుడున్నాడుగా, చూసుకోనీ అనుకున్నాడు.

చెట్టు సగంలో నరేందర్ వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి కిందివాళ్లకు చూపించాడు. కొస సర్రున జారింది.

రెండు చెట్ల దగ్గరా దేవుడొక్కడే. మరి తేడా ఎక్కడ? మూడు రోజులు ఆలోచించి, రాజమల్లు లొట్టి నిండా కల్లుతో కోరుట్ల బస్సెక్కాడు. అక్కడ రాజయ్య తన కూతురి ఇంట్లో మంచం మీదున్నాడు.

"గిదేంది?"

"నీ తొలి లొట్టి, కాకా."

"ఇన్నేండ్లకు యాదికొచ్చిందా!" ముసలాయన బోసినోటితో నవ్వాడు. "చెట్టు మీదికెల్లి పడ్డ పోరడెట్లున్నడు?"

"నడుం కింద ఏం తెలుస్తలేదంట."

"కొస మలిచిండా?"

"లేదు."

"నువ్వు జూసినవా?"

రాజమల్లు గ్లాసు నింపి రెండు చేతులా అందించాడు.

"గట్లయితే నీకు నేర్పింది దండుగ," అన్నాడు రాజయ్య. చివరి చుక్కదాకా తాగి, ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. "బాకీ తీరింది. ఇగ పో."