శాటిన్ కమాండర్స్‌లో ఐదోవాడు

రోస్కో టిల్‌మన్ ఇంటి ముందుగదిలో ఒక పాత రికార్డు అట్ట ఫ్రేములో వేలాడుతుంటుంది. అట్ట మీద నీలం శాటిన్ సూట్లలో ఐదుగురు, శాటిన్ కమాండర్స్ అనే పాటల బృందం. నలుగురి మొహాలు స్పష్టంగా ఉంటాయి. ఐదోవాడిది మాత్రం టోపీ, గడ్డం, అంతే. కింద పేరు షుగర్ అని ఉంది. ఇంటిపేరూ లేదు, ఊరూ లేదు.

"ఆ టోపీ కింద ఉన్నది నేనే" అని రోస్కో నలభై ఏళ్ళకు పైగా డెట్రాయిట్ అంతా చెప్పుకు తిరిగాడు. మంగలి షాపులో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, చావుకెళ్ళి శవపేటిక పక్కన నిలబడి కూడా చెప్పాడు. అసలు సంగతి వేరు. పెళ్ళయిన కొత్తలో ఒక వేసవి అతని కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగం ఊడింది. ఆ మాట భార్య వెర్నెట్‌కి చెప్పే ధైర్యం లేక, గంట దూరంలోని టొలీడోలో బాబాయి కొడుకు నడిపే హోటల్లో అంట్లు తోమాడు. వేసవి పోయాక తిరిగొచ్చి, "శాటిన్ కమాండర్స్‌తో దక్షిణాదంతా పాడొచ్చాను" అన్నాడు. వెర్నెట్ నమ్మడమే కాదు, ఆ అబద్ధానికి ఫ్రేము కూడా కట్టించింది.

ఈ జూలైలో శాటిన్ కమాండర్స్ నది ఒడ్డున పాతపాటల కచేరీకి వచ్చారు.

సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. పచ్చిక మీద మడత కుర్చీలు, ఐసు పెట్టెలు, తెల్ల నార బట్టల్లో వేలమంది ముసలి కుర్రాళ్ళు. మోకాళ్ళకి పట్టీలు, కళ్ళకి నల్లద్దాలు. బంగాళాదుంప సలాడ్ ఎవరు చేశారో ఆరా తియ్యకుండా అక్కడ ఒక్కరూ ముట్టరు. మనుషుల విషయంలో మాత్రం అంత పట్టింపు లేదు.

"లే" అంది వెర్నెట్, రోస్కో చేతిలోంచి కోడి రెక్క లాక్కుని. "నిన్ను స్టేజి వెనక్కి రమ్మంటున్నారు. షుగర్ నా మొగుడేనని వాళ్ళకి రాశాను. పుట్టినరోజు కానుక!"

రోస్కో కుర్చీకి ఇంకాస్త అతుక్కున్నాడు. "నా మోకాలు బాలేదు వెర్నెట్..."

"మోకాలితో పాడతావా? నడు!"

స్టేజి వెనక గదిలో, బృందం నాయకుడు డెల్మార్ ప్రిన్స్ విగ్గు సర్దుకుంటున్నాడు. వెర్నెట్‌ని బయటే ఆపి తలుపేశాడు. రోస్కో చేతులు జోడించినంత పని చేశాడు.

"అయ్యా, నన్ను క్షమించాలి. నేను..."

"షుగర్‌వి కాదు. తెలుసు."

"ఎలా తెలుసు?"

"పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి, బ్రదర్. నేను మాత్రం డెల్మార్‌నా ఏంటి?" గొంతు తగ్గించాడు. "మాలో ఉన్న ఒక్క అసలు ముసలాయనా నిన్న ఆసుపత్రిలో చేరాడు. అసలువాడు ఒక్కడైనా లేకపోతే ఈ పేరుతో స్టేజి ఎక్కనివ్వరు. ఇక్కడి కచేరీ మేనేజరు మా వెనకే తిరుగుతున్నాడు. దేవుడిలా నీ భార్య రాసింది."

"కానీ నాకు పాడటం..."

"పాడమన్నదెవరు? పాట టేపులోంచి వస్తుంది. నోరాడించు, చేతులు తిప్పు."

ఇంకేముంది? నీలం కోటు, టోపీ తగిలించి తోశారు. "అసలు సిసలు షుగర్!" అని పేరు పిలవగానే పచ్చికంతా లేచి నిలబడింది. టేపులోంచి ఎవడో పుణ్యాత్ముడు పాడుతుంటే రోస్కో కళ్ళు మూసుకుని నోరాడించాడు. చెంపల మీద నిజం కన్నీళ్ళు కారాయి. పాట సగానికొచ్చేసరికి తను షుగర్ కాదన్న సంగతి అతనికే గుర్తులేదు.

దిగి రాగానే జనం చుట్టుముట్టారు. వాళ్ళని మోచేతులతో చీల్చుకుంటూ ఊదారంగు గౌనులో ఒకావిడ వచ్చింది. ఆవిడ వెనక తలుపంత మనిషి, జుట్టు నెరుస్తున్నవాడు.

"షుగర్! మెంఫిస్ ఊరి క్లోరిస్‌ని. ఆ వేసవి మరిచిపోయావా?" ఆ తలుపుని ముందుకు తోసింది. "వీడు నీ కొడుకు!"

వెర్నెట్ మొహం ఇనుములా అయింది. "ఆ వేసవే కదూ రోస్కో నువ్వు దక్షిణాదిలో పాడింది?"

"లేదు! టొలీడోలో ఉన్నాను! ఉద్యోగం పోతే అంట్లు తోముకున్నాను! ఒట్టు!"

"ఇన్నేళ్ళూ లేని టొలీడో ఇవాళ పుట్టుకొచ్చిందా?" డెల్మార్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. వీడు షుగరేనా?"

డెల్మార్ పక్కనే మేనేజరున్నాడు. "సందేహమా సిస్టర్? నాకు తోడబుట్టినవాడితో సమానం!"

"ఓరి ద్రోహీ!" అన్నాడు రోస్కో. "క్లోరిస్ గారూ, నా మొహం సరిగ్గా చూడండి!"

"మొహం నేనెప్పుడు చూశాను? టోపీ తీస్తేగా! నిద్రలో కూడా తియ్యలేదు మహానుభావుడు. గొంతైతే చచ్చినా గుర్తుపడతాను."

"ఐతే పాడు" అంది వెర్నెట్. "టేపు లేకుండా. ఇక్కడే. ఆ గొంతే ఐతే ఇంటికి రానక్కర్లేదు."

ఎంత తేలిక పరీక్ష! చెడగొట్టి పాడితే చాలు, కాపురం నిలబడుతుంది. రోస్కో అలాగే అనుకుని నోరు తెరిచాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. అన్ని కళ్ళు తన మీదే. ఇన్నేళ్ళూ స్నానాలగదిలో కొళాయి చప్పుడు మాటున దాచుకున్న ఆశ బుస్సున లేచింది. కాపురం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఛాతీ నిండా గాలి పీల్చి, పాట చివర పైకెక్కే ఆ రాగాన్ని ప్రాణం పెట్టి అందుకున్నాడు.

నది మీద వెళ్తున్న పడవవాడు హారన్ అనుకుని తనూ ఒకటి కొట్టాడు.

క్లోరిస్ చెవుల మీంచి చేతులు తీసి, "ఛీ, వీడు కాదు" అంది. "పద నాయనా."

"దేవుడున్నాడమ్మా" అన్నాడు కొడుకు.

వెర్నెట్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "నా మొగుడే! టొలీడోనే! నీ అబద్ధం సంగతి ఇంటికెళ్ళాక చూస్తాగానీ, ముందు నా చెవులు కడుక్కోవాలి!" మేనేజరేమో డెల్మార్ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని సలాడ్ దగ్గరికి పోయారు. ఒక్కడికీ అనుమానం మిగల్లేదు. ఒక్కడంటే ఒక్కడికి!

ఆ సంగతే రోస్కోని కాల్చేసింది. భార్య చెయ్యి విదిలించుకుని, గేటు దాకా వెళ్ళిపోయిన ఊదారంగు గౌను వెంట పడ్డాడు.

"క్లోరిస్ గారూ, ఆగండి! గాలి తేమగా ఉంది, గొంతు సర్దుకోలేదు! ఇంకొక్కసారి, కింది శ్రుతిలో పాడతాను, వినండి!"