సోమక్క నారుమడి

తెల్లారేసరికి ఆకాశం నిండా మబ్బు కమ్మింది. కురవదు, కదలదు. ఊరి మీద బరువుగా కూర్చుంది. నాట్లకు ఇంతకంటే మంచి పొద్దు దొరకదు. సోమక్క చీకటితోనే లేచి అన్నం వండి, మామిడికాయ తొక్కు వేసి సద్ది కట్టుకొని గడప మీద కూర్చుంది.

ఆటో వచ్చింది. లోపల వీరమ్మ గుంపు ఆడోళ్లంతా ఒకరి మీద ఒకరు ఇరుక్కొని ఉన్నారు. సోమక్క లేచి నిలబడింది. ఆటో ఆగలేదు. శ్రీలత ఒక్కతే వెనక్కి తిరిగి, చూడనట్టు కొంగు తల మీదికి లాక్కుంది.

నిన్నా ఇంతే. నిన్న మర్చిపోయారనుకుంది.

వీరమ్మ గుంపుకు ఒక పద్ధతుంది. ఇవాళ అందరూ కలిసి నీ మడి నాటితే, రేపు నువ్వూ వచ్చి నా మడిలో వంగాలి. సోమక్క చాలామంది మడుల్లో వంగింది. తన అరెకరం వంతే రాలేదు. గుంపు రాకుంటే ఒక్కదాని చేతితో అయ్యే పని కాదు. నారు ముదిరిపోతుంది.

లోపల ఆమె మొగుడు ఎల్లస్వామి మంచంలో పడుకొని ఫోను చూస్తున్నాడు. హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలని అతని అక్క కొడుకు అరవింద్ చెప్పాడు. మొగుడు గేటు కాడ ఉండాలి, పెండ్లాం మెట్లు తుడిచి, ఇళ్లలో గిన్నెలు తోమాలి. కింద బండ్లు పెట్టే చోట ఒక గది ఇస్తారు. సొంత బోరు ఎండిపోయి, పక్కవాళ్ల మోటరు నీళ్ల కోసం చేతులు నలుపుకొనీ నలుపుకొనీ ఎల్లస్వామికి ఊరంటేనే విసుగొచ్చింది. సోమక్క మాత్రం, "నాట్లు కానీ. పొలం పచ్చవడ్డదా, ఈడనే ఉందం. లేదా, నీ ఎంబడొస్త" అంది. సరేనన్నాడు.

"ఏందయ్యా, వీరమ్మక్క నన్నెందుకు పిలుస్తలేదు?"

"నాకేమెరుక? యాది మర్చిందేమో." ఫోను మీంచి కళ్లెత్తలేదు.

సోమక్క సద్ది గడప మీదే పెట్టి పొలం బాట పట్టింది.

నారుమడి దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. మడి బోడిగా ఉంది. బురద నీళ్లలో అడుగుల గుంటలు, ఒడ్డున తెగిపడ్డ పోచలు. వడ్లు నానబోసి, గోనెలో కట్టి మొలకెత్తించి, పిట్ట వాలకుండా పొద్దంతా కాసిన నారు.

అవతల వెంకట్రాం పొలంలో వీరమ్మ గుంపు నాటు వేస్తోంది. ఒడ్డు మీద నారు కట్టలు వరసగా ఉన్నాయి.

"ఓ పట్నం దొరసానీ!" ఎవరో అరిచారు. "లిఫ్టుల ఎక్కి దిగేదానివి, నీకీ బురదేందే?"

గుంపంతా నవ్వింది.

"గా నారెవలది వీరమ్మక్కా?"

వీరమ్మ నడుమెత్తింది. "నీదేనే. మొన్న మీ ఆయిననే వచ్చిండు. 'మేం పోతున్నం, మా ఆమెను లెక్కల పట్టకు, పిలిస్తే మల్ల మనసు ఈడికే గుంజుతది' అన్నడు. నారు పాడైతదని వెంకట్రాంకు ఊకెనే ఇచ్చిండు. ఏమే, నీకు చెప్పలేదా?"

నవ్వులు ఆగిపోయాయి.

"చెప్పిండు," అంది సోమక్క.

చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. ఒక కట్ట విప్పి చేతిలోకి తీసుకుంది.

"అక్కా, నువ్వెందుకే..." శ్రీలత గొంతు సన్నగా వచ్చింది.

"కూలికి రాలేదు తియ్. జర జరుగు."

ఆ కట్ట అయిపోయేదాకా నాటింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. తర్వాత ఒడ్డెక్కి, కాళ్లయినా కడుక్కోకుండా ఇంటికి నడిచింది.

మోకాళ్ల దాకా ఉన్న బురద చూసి ఎల్లస్వామి ఫోను పక్కన పెట్టాడు.

"గట్ల కాదే... నువ్వు ఔననవైతివి, కాదనవైతివి. నేనేం జెయ్యాలె?"

"నాట్లు కానీ, చెప్తనన్న."

అతను నేల చూశాడు.

"అరవింద్‌కు ఫోన్ చెయ్. వస్తున్నమని చెప్పు," అంది.

"మల్ల... కోపమా?"

ఆమె గడప మీది సద్ది తెచ్చి మూత తీసింది. ఒక్క మనిషికి కట్టిన అన్నం. రెండు పళ్లేలు పెట్టి సగం సగం చేసింది. తొక్కు అతని పళ్లెంలోనే వేసింది. అతను అందులో సగం తీసి ఆమె అన్నం మీద పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు జరిపి, వట్టి అన్నం కలుపుకుంది.

ఇద్దరూ తలలు వంచుకొని తిన్నారు. ఆమె కాళ్ల మీది బురద ఎండి, పెళ్లలుగా రాలి చాప మీద పడుతోంది.