రేణుక అభ్యంతరం

పొద్దుటినుంచి వంగి వంగి రేణుక నడుం పట్టేసింది. మగ్గం మీద పడుగు దారం చుట్టిన పాత బీము అయిపోయి కొత్తది ఎక్కింది. పాత దారం కొసను కొత్త దారం కొసతో కలిపి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టాలి. వేల పోగులు, ఒక్కోటీ అలాగే. అది అయ్యేదాకా మగ్గం ఆడదు, మగ్గం ఆడనిదే ఆమె భర్త పెంటప్పకు కూలీ లేదు. అందుకని సోలాపూర్‌లోని ఈ దాజీ పేట్ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. మొగుడి మగ్గానికి పెళ్లామే వచ్చి పోగులు అతుకుతుంది. సొంత పనికి కూలీ ఏమిటంటారు. మగ్గం మాత్రం కార్ఖానా యజమాని సేటుది.

మగ్గం ఆగిన రోజుకు కూడా, పోగులు అతికేవాళ్లకు కూడా కూలీ ఇవ్వాలని సర్కారు ఒక నియమానికి ముసాయిదా తయారుచేసింది. ఖాయం చేసేముందు అభ్యంతరాలుంటే రాసి పంపమని అందరినీ అడిగింది. ఆ అడిగిన సంగతి యజమానులకు మొదటిరోజే తెలిసింది. కూలీలకు ఈరోజుదాకా తెలియలేదు. గడువు రేపటితో సరి.

మధ్యాహ్నం సేటు రామచంద్రం కాగితాలు పట్టుకుని వచ్చాడు. అతని పెద్దలదీ వీళ్ల పెద్దలదీ పాలమూరు వైపు ఒకే ఊరు. ఊరివాడు తెచ్చిన కాగితాన్ని చదివి సంతకం పెడితే అతన్ని అనుమానించినట్టే. పెంటప్ప చదవకుండానే పెట్టేశాడు.

"తమ్మీ, మరదలితోని గూడ పెట్టించు. ఎంతమంది ఉంటే అంత వజన్," అన్నాడు సేటు.

రేణుక మరాఠీ బడిలో చదువుకుంది. వేళ్లు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. మగ్గం ఆగిన రోజుకు మాకు కూలీ వద్దు, ఈ నియమం వస్తే కార్ఖానాలు మూతపడతాయి, కార్మికులమైన మా అభ్యంతరం ఇదే అని ఉంది. కింద ఆమె పేరు ముందే రాసేశారు. పక్కన మరాఠీలో 'కామ్‌గార్', అంటే కార్మికురాలు, అని కూడా.

పెళ్లయినప్పటినుంచి ఈ షెడ్డులో వంగుతూనే ఉంది. ఒక్కనాడూ ఆమెను కార్మికురాలని ఎవరూ రాయలేదు. ఈరోజు రాశారు, కూలీ వద్దనడానికి. రేణుకకు ఒళ్లు మండింది.

"బావా, నన్ను కామ్‌గార్ అని రాసిన్రు గదా. ఇయ్యాల్టి పగార్ ఎంతిస్తరు?"

సేటు నవ్వాడు. "ఇంటి మనిషివి, నీకు పగారేంది?"

"మరి ఇంటి మనిషి సంతకం మీకెందుకు?"

నవ్వు ఆగింది. "పెంటప్పా, జర సమ్‌జాయించు. ఇష్టం లేనోళ్లకు శానా కార్ఖానాలున్నయి సోలాపూర్ల."

ఇంకో కార్ఖానాలో పని దొరికే వయసు కాదు పెంటప్పది. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

"పెట్టెయ్ రేణుకా," అన్నాడు తల ఎత్తకుండా. "మనమొక్కలం కాదంటే ఏమైతది?"

"నీది నువ్వు పెట్టినవ్. నాది నేను పెట్ట."

కాగితం సేటు చేతికిచ్చి వెళ్లి గడప మీద కూర్చుంది. సేటు చెప్పులేసుకుని ఆమె పక్కనుంచే బయటికి నడిచాడు.

చుట్టూ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. పెంటప్ప ఆమె చోట కూర్చుని పోగు మెలిపెట్టబోయాడు. అతని చేతికి అలవాటు లేని పని. పోగు ఊడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఊడింది. చూడలేక రేణుక ప్రాణం కొట్టుకులాడింది. అయినా లేవలేదు.

"రావా?" అన్నాడు చివరికి.

"పగార్ ఎంతో అడిగి రా. వస్త."

పెంటప్ప సేటు పోయిన దారి వైపు చూశాడు. ఊడిన పోగు ఇంకా అతని వేళ్ల మధ్యే ఉంది.