మంత్రిగారు ఎత్తిన బరువు

నేను ఒక బిళ్లను. బరువులెత్తే పోటీల్లో కడ్డీకి అటూ ఇటూ తొడుగుతారే, అలాంటి ఎర్ర బిళ్లను. నా మొహం మీద ఇరవై అయిదు కేజీలని తెల్లటి అంకెలున్నాయి. తక్కెట్లో వేస్తే మాత్రం కిలో కూడా తూగను. ఈ రెండింటిలో ఏది నేను? పుట్టినప్పటి నుంచీ ఈ తికమక తీరలేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.

నన్ను చేసినవాడు నాటకాల సామాన్లు అద్దెకిచ్చే అప్పలనర్సయ్య. కిరీటాలు, గదలు చేసే తేలికపాటి పొణికి చెక్కతోనే నన్నూ, నా తోడబుట్టినవాళ్లనూ చెక్కాడు. బోలు గొట్టానికి వెండి రంగు పూసి కడ్డీ అన్నాడు. ఆసియా దేశాల బరువులెత్తే పోటీలు మన రాష్ట్రంలో జరుగుతున్నాయని, తొలిరోజు మంత్రిగారు స్వయంగా బరువెత్తి ప్రారంభిస్తారని పీయే కబురు పెట్టాడు మరి.

మంత్రిగారు మమ్మల్ని ఒకసారి ఎత్తి చూసి నవ్వేశారు. అప్పలనర్సయ్య కంగారుపడ్డాడు.

"నవ్వకండి బాబూ. గద బరువు గదలో ఉండదు, భీముడి మొహంలో ఉంటాది. దవడలు బిగబట్టండి, కాళ్లు కూసింత వణికించండి."

మంత్రిగారు చురుకైనవారు, ఇట్టే నేర్చుకున్నారు. ప్రారంభం రోజున నూట డెబ్బై కేజీలని మైకులో చెప్పగానే ఆయన మూలిగిన మూలుగుకి నాకే జాలేసింది. జనం ఈలలు వేశారు. మర్నాటికి ఊరంతా ఫ్లెక్సీలు. వాటిలో ఆటగాళ్లు మంత్రిగారి మోకాళ్ల దగ్గర తపాలా బిళ్లలంత ఉన్నారు. ఆటలెవరివో నాకు బోధపడలేదు.

ముగింపు సభలో ఆ ఊపులోనే ఆయన నోరు జారారు. "నేనెత్తిన ఈ బరువుల్నే వెదుళ్లపేట తాలింఖానాకి బహుమతిగా ఇస్తున్నా!" అనేశారు. పీయే మొహంలో నెత్తురు చుక్క లేదు. మార్చి ఇద్దామంటే, విదేశాల నుంచి తెప్పించిన అసలు ఇనుమంతా అప్పటికే మంత్రిగారి మేనల్లుడి జిమ్ముకి చేరిపోయింది.

వెదుళ్లపేట బరువులెత్తేవాళ్ల ఊరు. అక్కడ తాలింఖానా అంటే కసరత్తుశాల, అందులో ఇనుముకి దసరా పూజ చేస్తారు, ఎత్తేముందు కళ్లకద్దుకుంటారు. డప్పులతో ఊరేగించి, పసుపు కుంకాలు పెట్టి మమ్మల్ని దింపారు. తొలి ఎత్తు నూకరత్నం అనే పిల్లది. ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపికలున్నాయి. తాలింఖానాలో ఉన్నవి నాలుగు పగిలిన బిళ్లలు, వాటితో సాధన సాగక ఈ ఇనుము కోసమే కళ్లు కాయలు కాచేలా చూసింది. నన్ను కళ్లకద్దుకుంది, ఊపిరి బిగించి బలమంతా పెట్టి లాగింది, అంతే, వెల్లకిలా పడింది. మేమంతా ఆమె గుండెల మీద. ఆమెకి దెబ్బ తగల్లేదు. అయినా ఏడ్చింది.

"ఇది చెక్కండీ, ఇనుము కాదు. ఎల్లి అడుగుదాం," అంది తాలింఖానా ప్రెసిడెంటుతో.

"ఊరుకోవే. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని దెబ్బలాడినట్టుంటాది. ఆయన మనకి హాలు కట్టిస్తానన్నారు," అన్నాడాయన.

కొన్నాళ్లకు ఇంకా పెద్ద పోటీలు మన రాష్ట్రానికి ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి విదేశీ పెద్దలు వచ్చారు. మంత్రిగారు వాళ్లను తిన్నగా వెదుళ్లపేట తీసుకొచ్చారు. పీయే రత్నాన్ని పక్కకు పిలిచాడు.

"సార్ ఎత్తిన బరువే నువ్వూ ఎత్తాలమ్మా. కాస్త ముక్కుతూ ఎత్తు. ఇనుము సంగతి తరవాత నేను చూస్తాగా."

రత్నం తలూపింది. కానీ ముక్కలేదు, మూలగలేదు. మమ్మల్నందర్నీ ఒంటిచేత్తో పైకెత్తి, గిరగిరా తిప్పి, అందరికీ చూపించింది. ఇంక గుట్టు రట్టయిందని నేను సంబరపడ్డాను, సిగ్గుపడ్డాను కూడా. నా బరువెంతో ఇవాళ లోకానికి తెలుస్తుందిగా!

ఊరు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే మైకు అందుకున్నారు. "చూశారా మా మట్టిలో బలం! నేను రెండు చేతులతో ఎత్తింది మా ఆడపిల్ల ఒంటిచేత్తో ఎత్తింది!" విదేశీ పెద్దలు ఈ విద్యలో తలపండినవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రిగారిచ్చిన పట్టుశాలువాలు, వెండి వీణలు పక్కన పెట్టి వాళ్లూ చప్పట్లు కొట్టారు. తెలిసీ ఎందుకు కొట్టారో నాకిప్పటికీ అంతు చిక్కలేదు.

పెద్ద పోటీలు మనకే వచ్చాయి. కొత్త స్టేడియం మంత్రిగారి బావమరిది పొలాల పక్కనే కడతారట. రత్నం ఇనుము గురించి అడిగితే పీయే నవ్వాడు. "అంత ఎత్తిన పిల్లవి, నీకింకా సాధనెందుకమ్మా?"

ఊరికి పేరొచ్చిందని ఎంపికలు మా తాలింఖానాలోనే పెట్టారు. మమ్మల్ని మంత్రిగారి ఫోటో కింద గోడకి తగిలించారు. ఆ ఒక్క రోజుకీ అసలు ఇనుము లారీలో వచ్చింది. ఒంటిచేతి పిల్లను చూడాలని చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. రత్నం తొంభై కేజీలు భుజాల మీదికి తెచ్చుకుంది. మెడ నరాలు ఉబ్బాయి, మోకాళ్లు వణికాయి. తలపైకి ఎత్తి నిలబెట్టింది. జన్మలో ఆమె ఎత్తిన అతి పెద్ద బరువు అదే. దించుతుంటే నేల అదిరి గోడమీద మేం కదిలాం. జట్టులో చోటుకి ఇంకో రెండు కేజీలు కావాలి. ఆ రెండూ ఆమెవల్ల కాలేదు.

ఒక్క చప్పట వినిపించలేదు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి, చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు తెచ్చి ఆమెకిచ్చాడు.

"ఏటైందమ్మా? ఆయేల ఒంటిచేత్తో అంతెత్తీసినావు. ఒంట్లో బాగోలేదేటి?"

రత్నం గ్లాసు రెండు చేతులా పట్టుకుంది.

"బాగానే ఉన్నాను తాతా. ఇదే నా బలం."

ముసలాయన ఆమెను నమ్మలేదు. గోడమీద ఉన్న నా వంక చూసి, జాలిగా తల అడ్డంగా ఊపుతూ వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు.