నవ్వే పిల్లకు జబ్బేమిటి

మా చెల్లికి నాలుగేళ్ళు. నడవదు, మాట్లాడదు, మూర్ఛ వస్తే తప్ప నవ్వు ఆపదు. అందుకే అందరూ కిలకిల అంటారు. ఆ నవ్వు కూడా పుట్టుకతో వచ్చిన జబ్బులో భాగమేనేమోనన్నాడు డాక్టరు. ఎన్నో వేలమందిలో ఒకరికి వస్తుందట. అదేనని తేలితే మూర్ఛకు సరైన మందు ఇవ్వచ్చు. తేలాలంటే రక్తం దూరపు ల్యాబుకు పంపాలి. ఆ సాయం మేం చేస్తామని ఒక సేవాసంఘం ముందుకొచ్చింది. అయితే ముందు ఫోటో కావాలంది.

సంఘం కార్యదర్శి కెమెరా మెళ్ళో వేసుకుని ఇంటికొచ్చాడు. కిలకిల ఆయన్ని చూసి చేతులాడిస్తూ నవ్వింది.

"పాపను కాస్త ఏడిపించమ్మా."

"ఏడవదండీ. దాని జబ్బే అది."

"నవ్వే పిల్లకు జబ్బేమిటమ్మా? దాతలు నమ్మొద్దూ?"

గిల్లమన్నాడు. అమ్మ గిల్లలేదు. ఆయనే కళ్ళెర్రజేసి "బూచీ!" అన్నాడు. కిలకిల పడీపడీ నవ్వింది. ఆయన ఉపన్యాసాలకు ఇంతగా ఆనందించేవాళ్ళు ఎన్నడూ దొరికి ఉండరు.

అప్పుడు తలుపు చాటున నేను కనబడ్డాను. కొత్తవాళ్ళను చూస్తే నా ముఖం దానంతటదే ఏడుపుకు తయారవుతుంది.

"అబ్బ! ముఖమంటే ఇదీ!"

వారం తిరిగేసరికి ఊళ్ళో గోడలనిండా నేనే. కింద 'ఈ పసిప్రాణాన్ని కాపాడండి' అని రాశారు. బళ్ళో నా వెనక బెంచీ అమ్మాయి, పెన్సిల్ డబ్బా ఎవరికిచ్చి పోతావే అని అడిగింది.

ఆసుపత్రిలో నర్సు ఫైలు తెరిచి, అందులో ఫోటో చూసి నా చెయ్యి పట్టుకుంది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. జబ్బు నాకు కాదు, చెల్లికని అమ్మే చెప్పింది. నర్సు మా వెంట వచ్చిన కార్యదర్శి వంక చూసింది.

"ఫోటోలో ఉన్న పిల్లకే తియ్యండి. పోస్టర్లు వేసేశాం. అక్కచెల్లెళ్ళేగా, రక్తం ఎవరిదైతే ఏం?"

నర్సు సూది విప్పింది. బళ్ళో హాజరు కూడా నోరు విప్పకుండా చెయ్యెత్తి చెప్పే నేను అంత గట్టిగా ఎలా అరిచానో తెలియదు.

"పోస్టర్ల మీద నేనే ఉంటా! రక్తం మాత్రం దానిదే తియ్యండి!"

నర్సు నా చెయ్యి వదిలేసింది. అమ్మ కిలకిలను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కార్యదర్శి గబగబా కెమెరా ఎత్తాడు, ఇప్పుడైనా ఏడవకపోతుందా అని. సూది దిగింది. కిలకిల నర్సు ముక్కు పట్టుకుని నవ్వింది.

"ఛ! ఇదీ పనికిరాదు" అన్నాడాయన.

నేను మాత్రం రక్తం సీసా మీద అంటించిన పేరు రెండుసార్లు చదివాను. చెల్లి పేరే.