గట్టి గుండె

“ఎడమపక్కకు తిరుగు. ఇంకా తిరుగు. పడవ్ లే, నేను పట్టుకున్న గదా!”

సక్రి కసురుతూనే ఆ అమ్మాయి వీపు వెనక దిండు దోపింది. గోదావరి ఒడ్డున ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రిలో, గుండె స్కానింగు గదికి ఆమె ఆయా. అరిగిన మోకాళ్లు, మోచేతుల దాకా పాత పచ్చబొట్లు, ముక్కు మీద కోపం. ఖమ్మం నుంచి వారానికోసారి వచ్చే డాక్టరమ్మ ఉషారాణి కూడా ఆ నోటికి జడిసేది.

ఆ కోపం ఊరికే పుట్టింది కాదు. సక్రి భర్త మోతీలాల్ నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడేవాడు. ఉబ్బసమన్నారు. గోళీలు మింగీ మింగీ, ఒకరోజు కొట్టంలో గుంజకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాతే ఆమె ఇక్కడ ఊడ్చే పనిలో చేరింది. ఈ స్కానింగు యంత్రం వచ్చిన రోజున, తెరమీద ఎవరిదో గుండె ముడుచుకొని విచ్చుకోవడం చూసి అందరూ అబ్బురపడ్డారు. సక్రి మాత్రం చీపురు విసిరికొట్టి బయటికి వెళ్లిపోయింది. చూస్తే కనపడేదేనా ఇది? మరి ఆనాడు ఎవడూ చూడలేదేం?

ఈ అమ్మాయి పేరు శ్యామల. ఇరవై ఏళ్లుంటాయో లేదో. అడవిలోని గూడెం నుంచి రోడ్డు దాకా మంచం మీద మోయించి, అక్కణ్ణుంచి ఆటోలో తెచ్చాడు భర్త రవీందర్. పాదాలు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి.

“ఇన్ని రోజులు ఏంజేసినవ్ రా?” సక్రి అతని మీదికి లేచింది.

“సూదులు ఏపిచ్చిన అమ్మా. ఉబ్బసమన్నరు.”

సక్రి అతణ్ణి వదిలేసింది. స్కానింగుకు పూసే జెల్లు డబ్బా తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ శ్యామల రొమ్ము కింద పరికరం ఆనించి చాలాసేపు తెర చూసింది. నల్లటి తెరమీద నీలం, ఎరుపు మంటల్లా ఎగిసిపడుతున్నాయి. వెనక్కి తన్నే రక్తం వేగాన్ని కొలిచి, ఒత్తిడి లెక్కకట్టి, రవీందర్ వైపు తిరిగింది.

“గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది బాబూ. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతోంది. అక్కడ ఒత్తిడి ఉండాల్సినదానికి మూడింతలుంది. కానీ గుండె కండ గట్టిగానే ఉంది. కవాటం తెరిస్తే బతుకుతుంది. ఇప్పుడే ఖమ్మం తీసుకెళ్లాలి.”

బతుకుతుందన్న మాట వినగానే సక్రి పరుగున కిందికి దిగింది. జీపు వేపచెట్టు కిందే ఉంది. డ్రైవరు తిరుపతి బండి తుడుస్తున్నాడు.

“మేనేజర్ సారు చుట్టాలొచ్చిండ్రు. వాళ్లను పర్ణశాల తీస్కపోవాలె. పొద్దుగూకినంక చూద్దాం అక్కా.”

“దేవుడు యాడికీ పోడు. ఈ పిల్ల పోతది. బండి తియ్!”

తియ్యలేదు. సక్రి జీపు ముందు నేలమీద బైఠాయించింది. పైన మేనేజరు గదిలో డాక్టరమ్మ గొంతు కిటికీలు దాటి వినపడింది. చుట్టాలు భోజనం చేసి, అలిగి, వేరే బండి మాట్లాడుకున్నాక గానీ జీపు కదల్లేదు.

పడుకుంటే ఊపిరాడదని శ్యామలను వెనక సీట్లో తన ఒంటికి ఆనించుకొని కూర్చుంది సక్రి. రవీందర్ ఆక్సిజన్ సిలిండరు పట్టుకున్నాడు.

“అమ్మా, ఆ మిషిన్ల నా గుండె కనపడ్డదా?”

“అవ్ బిడ్డా. మస్తు గట్టిగున్నది.”

ఆ అమ్మాయి నవ్వింది. ఏన్కూరు దాటాక ఆ తల సక్రి భుజం మీద మెల్లగా బరువెక్కింది. సక్రి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వేలు తీసి, ఆ తలను తన భుజం మీద సరిచేసి పెట్టుకుంది.

“తిరుపతీ,” అంది. “ఇగ జల్దీ అక్కర్లేదు.”

రవీందర్ ఏడుపు వినలేక తిరుపతి బండి ఆపాడు. “నాదేం లేదక్కా. సారు చెప్పిండు...”

“అవ్. ఎవనిదీ ఏం లేదు!” సక్రి పళ్లు కొరికింది. “అప్పుడూ ఎవనిదీ ఏం లేకుండె.”

బండి వెనక్కి తిప్పారు. గూడెం దారి మొదట్లో మనుషులొచ్చి శ్యామలను దించుకొని, చెట్లలోకి మోసుకుపోయారు. సక్రి జీపు ఎక్కబోతూ ఆగింది. సీటు కింద, ఆకులు కుక్కిన మూతితో, ప్రయాణానికని శ్యామల వాళ్లు ఇంటినుంచి నింపి తెచ్చుకున్న సొరబుర్ర ఒరిగి ఉంది. దాని నిండా నీళ్లు.