పుంగనూరు చల్లగది తలుపు

పుంగనూరులోని ఆ చల్లగదిలో పట్టుపురుగుల గుడ్లు నిద్రపోతుండేవి. ఆవగింజ కంటే చిన్నవిగా కాగితాలకు అంటుకుని ఉండేవి. రైతులకు మల్బరీ ఆకు చేతికందేదాకా అవి లేవకూడదు. ఆ గదికి కాపలా గంగాధరం. పొద్దున్నే తలుపుకు దండం పెట్టుకుని గాని లోపల అడుగుపెట్టేవాడు కాడు.

2006లో కంపెనీవాళ్లు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలోని తమ గదులకు కార్డు చూపితే తెరుచుకునే తలుపులు పెట్టించి, మూడు ఊళ్ల కంప్యూటర్లనూ ఫోను తీగతో కలిపారు. బిగించిన లోకేష్ చివరగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చబోతే గంగాధరం అడ్డుపడ్డాడు.

"మంచి ముహూర్తంలో నిలబెట్టినాము. మండలం, నలభై దినాల దాంకా కదిలించొద్దప్పా."

"పాస్‌వర్డుకు గూడా బాలింత పథ్యమా పెద్దాయనా!" అని నవ్వి లోకేష్ వెళ్లిపోయాడు. మండలం దాటింది. ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం తలుపు తనంతట తాను తెరుచుకుంది. తెల్లటి చలి నేల మీద పాకి వచ్చి గంగాధరం పాదాలను తడిమింది. గుడ్ల కాగితాలు సర్దే యమున, ఎదురుగా కూర్చుని తింటున్నదల్లా, సంగటి ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"అమ్మవారు వచ్చిపోతాండాది," అన్నాడతను చేతులు జోడించి. మూయడానికి మనసు రాలేదు. ఎంతసేపు నిలబడ్డాడో తనకే తెలియదు. మరో రెండు రోజులు అదే వేళకు అదే చలి వచ్చింది. మూడో నాటికి ఒక కాగితం మీద గుడ్లు పగిలాయి. నల్లటి దారపు తునకల్లాంటి పురుగులు తలలెత్తి, లేని ఆకును వెతుకుతున్నాయి.

మేనేజరు సుబ్రమణ్యం మదనపల్లె నుంచి లోకేష్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. కంప్యూటరు తీసిన కాగితంలో, తలుపు తెరిచిన మూడుసార్లూ యమున పేరే ఉంది.

"కార్డు ఈడ పెట్టి ఇంటికి పోమ్మా," అన్నాడు సుబ్రమణ్యం. "మిషను అబద్ధం సెప్పదు."

"నా చేతిలో సంగటి ఉన్నింది సార్. సంగటి సూపిస్తే తెరుసుకుంటాదా తలుపు?"

గంగాధరం నోరు విప్పితే, తెరిచిన తలుపు మూయకుండా దండం పెట్టింది తానేనని బయటపడుతుంది.

లోకేష్ తలుపు పక్కనున్న కార్డు పెట్టె విప్పి చూసి పెదవి కొరుక్కున్నాడు. పాస్‌వర్డ్ ఇంకా ఫ్యాక్టరీదే. అది పెట్టెతో వచ్చిన పుస్తకంలోనే అచ్చయి ఉంది. ఏ ఊరి కంప్యూటరులో కొట్టినా తలుపు తెరుచుకుంటుంది. ఎవరు కొట్టారో అడగదు, కార్డుల జాబితాలో మొదటి పేరు రాసుకుంటుంది. ఆ మొదటి పేరు యమునది.

కుప్పానికి ఫోను చేస్తే అక్కడి గుమాస్తా మునిరాజు ఒప్పుకున్నాడు. ఊసుపోక పుస్తకం చూసి కొట్టాడట. "తెర మీద తలుపు పచ్చగా మారతావుంటే బాగుందని సూసినా. ఉత్త బొమ్మ అనుకున్నా సార్."

"పాస్‌వర్డ్ మార్చకుండా యాల వదిలేసినావు?" సుబ్రమణ్యం లోకేష్ మీద విరుచుకుపడ్డాడు.

గంగాధరం తలుపు వైపు తిరిగాడు. ఆ తల్లి నిజంగా వచ్చిందా? వచ్చి ఉంటే మాత్రం, యమున పని పోతుంటే నోరు మూసుకోమంటుందా?

"నేనే వద్దన్నాను సార్," అన్నాడు గంగాధరం. "మండలం దాటినాక గూడా అడగలేదు. తలుపు తెరుసుకుంటే మూయకుండా దండం పెట్టినా. ఈ అమ్మ నా ఎదురుగానే తింటాండింది. తప్పు నాది."

సుబ్రమణ్యం బల్ల మీద పెట్టించిన కార్డును తిరిగి యమున ముందుకు తోశాడు. "నీ సంగతి మదనపల్లెలో మాట్లాడదాం, గంగాధరం."

"తలుపేసి దండం పెట్టింటే అమ్మవారు వద్దంటాదా, అప్పా?" అంది యమున.

ఆమె పగిలిన గుడ్ల కాగితాన్ని చాటలో పెట్టుకుని, ఆ పురుగులకు నాలుగు లేత మల్బరీ ఆకులు దొరుకుతాయేమోనని పక్క తోటలోకి నడిచింది.